ఫ్యాను బిగించిన మొనగాణ్ణి

తొంభైల్లో పోతిరెడ్డిపల్లిలో, వంటింటిని ఆనుకున్న గదిలో సరదాకి కుర్చీలు చేసేవాణ్ణి.

"పప్పుల మల్ల రంపపు పొట్టు కనబడ్డదా, నీ రంపం పాత ఇనుపసామానోడికి ఇస్త" అంది మా ఆవిడ.

నా రంపాన్ని కాపాడుకోవడానికి కిటికీలో ఏనుగు చెవంత ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాను. పొట్టంతా ఇక బయటికేనని ప్రకటించి, ఆమెతోనే స్విచ్ వేయించాను.

ఫ్యాన్ తిరగేసి బిగించానని అప్పుడు తెలిసింది. గదిలోని పొట్టుకి తోడు బొంబాయి రోడ్డు దుమ్ము, పటాన్‌చెరు పొగలో సగం కలిసి వంటింటి మీద దండెత్తాయి. ఆమె కనుబొమ్మలు కూడా కనిపించలేదు.

"ఇంట్ల దుమ్ము సాలదని ఊరి దుమ్ము గూడ పిలిచినవా?" అంది నెమ్మదిగా.

సాయంత్రానికి రంపం పోయింది.

మర్నాడు మా ఫ్యాక్టరీలో కొత్తవాళ్లకు ఫ్యాన్లు బిగించడం నేర్పే పాఠం నాదే. తలెత్తుకునే చెప్పాను. వాళ్లలో మా ఆవిడ లేదు కాబట్టి ఉద్యోగం నిలిచింది.