లావెండర్ కుండీల్లో స్వామి నీళ్ళు

ఈ ఇంట్లో నా మాటకు జవాబు చెప్పినవాళ్ళు లేరు. నిరుడు షెడ్డు కోసం పెరట్లో జామచెట్టు కొట్టించినప్పుడు, నన్నెందుకు అడగలేదంటే అన్న తల కూడా తిప్పలేదు. ఇప్పుడూ అంతే.

నా భార్యకు జ్వరం తగ్గింది గానీ, దాంతో పోయిన వాసనలు తిరిగి రాలేదు. తిరుచానూరులో మల్లెల గంపల మధ్య నడిచినా ఏమీ తెలియదు. చిత్తూరు దారిలో ఒక నర్సరీ దగ్గర ఆగినప్పుడు లావెండర్ ఆకు నలిపి ముక్కుకు ఆనించుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏందో సన్నగా తగుల్తా ఉండాది" అంది.

నాలుగు మొక్కలు తెచ్చాను. కుండీల అడుగున ఇటుక ముక్కలు వేసి, సగం ఇసుక కలిపి నాటాను. పొద్దుటి ఎండ పడే పిట్టగోడ మీద పెట్టి, మధ్యాహ్నం గోనెపట్టా అడ్డం కట్టాను. వేలు గుచ్చి చూసి, లోపల పొడిగా ఉంటేనే నీళ్ళు పోశాను. అయినా మట్టి ఎప్పుడూ తడే. ఆకులు కింది నుంచి నల్లబడుతూ వచ్చాయి.

ఒక తెల్లవారుజామున లేచి చూస్తే, మేడ మీద కాపురముండే అన్న దిగి వచ్చి కుండీల్లో చెంబు వంపుతున్నాడు. పూజలో స్వామి విగ్రహానికి తిరుమంజన స్నానం చేయించిన నీళ్ళు. ఎవరి కాలూ పడని చోట పోయాలి. ఇన్నేళ్ళూ జామచెట్టు మొదట్లో పోసేవాడు. దాన్ని కొట్టించాక నా పిట్టగోడ దొరికింది.

"వేళ్ళు కుళ్ళిపోతాయన్నా, పొయ్యొద్దు" అన్నాను. ఆయన మంత్రం ఆపకుండా, మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తి చూపి వెళ్ళిపోయాడు. పైనుంచి వదిన అందుకుంది.

"స్వామి నీళ్ళకు సచ్చే చెట్టేందప్పా అది? ఊటీ నుంచి దిగిన దొరసానా?"

మూడుసార్లు చెప్పాను. మూడు మొక్కలు పోయాయి. మూడోది పెరికితే వేళ్ళు నానిన పీచులా చేతికొచ్చాయి. కుండీలు వేరే చోటికి మార్చుదామంటే ఎండ పడే గోడ ఇంకొకటి లేదు.

మిగిలిన మొక్క నుంచి ఈ ఉదయం నా భార్య ఒక ఆకు తుంచింది. చాలాసేపు నలిపింది.

"ఈ పొద్దు ఏమీ తెలీలేదు. పోనీలే, ఆయనతో గొడవెందుకు?" అంది.

నేను పోనివ్వను. ఆమె ముక్కుకు ఇంకే వాసనా తగల్లేదు. అన్నా, నీ మంత్రం అయ్యేదాకా ఈ మెట్ల దగ్గరే నిలబడతాను. రేపు ఆ చెంబు ఎక్కడ వంపుతావు? చెయ్యి చూపించొద్దు. నోరు తెరిచి చెప్పు.