నాలుగో రోజు రక్తం

నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక. అంతకుముందు పదేళ్లు రాజమండ్రిలో ఒక మిషను ఆసుపత్రిలో వేలిముద్రతోనే నెట్టుకొచ్చాను. సన్నటి గాజు గొట్టాల్లో రోగుల రక్తం పట్టి, దొరసాని డాక్టరుగారి బల్ల మీద పెట్టడం నా పని. రాయడం రాదు కాబట్టి ఒక్కో గొట్టానికి ఒక్కో రంగు దారం కట్టేవాణ్ని. ఎర్రది మూడో మంచం, నీలంది ఏడో మంచం. ఏ రోజూ తారుమారు కాలేదు.

గోదావరి మీద రైలు వంతెన వేసిన కొత్తలో ఆవిడ ఒక పరీక్ష మొదలుపెట్టారు. టైఫాయిడు పురుగులున్న నీటిచుక్కలో రోగి రక్తపు తేట కలిపి మైక్రోస్కోపు కింద చూసేవారు. ఆ జ్వరమే అయితే, అప్పటిదాకా ఈదులాడే పురుగులు ఆగిపోయి, ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కట్టేవి. నాకూ చూపించారు.

"పురుగు ఒంటి మీద ఏదో ఉంది. రక్తం దాన్ని గుర్తుపడుతోంది. అదేంటో ఇంకా ఎవరికీ తెలీదు" అన్నారు.

వార్డులో జ్వరం వారం దాటినవాళ్ల రక్తమే పట్టమనేవారు. ఎందుకని నేను అడగలేదు.

ఆ ఏడు ముసురులో నా భార్యకు జ్వరం తగిలింది. టైఫాయిడులో అన్నం పడితే పేగులు తెగుతాయంటారు; ఆ భయంతో మా అత్తగారు లంఖణం వేయించింది. నాలుగో రోజు నేనే నా భార్య వేలు పొడిచి రక్తం పట్టి, పసుపు దారం కట్టి, వార్డు గొట్టాల్లో కలిపేశాను. సొంత మనిషిదని చెప్పుకోవడానికి మొహమాటం. సాయంత్రం డాక్టరుగారు "పసుపు దారానికి ముద్ద కట్టలేదు" అన్నారు. పరుగున ఇంటికొచ్చాను.

"టైఫాయిడు కాదు. అన్నం పెట్టండి అత్తయ్యా."

"గొట్టాలు కడిగి కడిగి వైద్యుడైపోయారా అల్లుడుగారూ? దాని నాలిక చూడండి. మధ్యన తెల్లగా పాచి, అంచులు ఎర్రగా. అన్నం మాట ఇప్పుడే ఎత్తకండి."

"కడుపు మాడ్చి చంపేస్తారా?"

నా భార్య మంచం మీంచి, "మీరిద్దరూ తర్వాత కొట్టుకుందురుగాని. ముందు నాకింత చారన్నం పడెయ్యండి" అంది.

నేనే కలిపి పెట్టాను. జ్వరం దిగలేదు. నీరసం వల్లే అనుకుని ఇంకా పెట్టాను. పదిహేనో రోజు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే బండి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను. మళ్లీ రక్తం పట్టాను. ఈసారి ఎవరిదో, అప్పటి పసుపు దారం ఎవరిదో కూడా డాక్టరుగారికి చెప్పాను. ముద్దలు ముద్దలుగా కట్టింది.

"ఆ పసుపు దారం రక్తం ఎన్నో రోజుది?"

"నాలుగో రోజుదండి."

ఆవిడ నన్ను తిట్టలేదు. "రక్తం గుర్తుపట్టడానికి వారం పైన పడుతుందయ్యా" అన్నారంతే. మర్నాడు మధ్యాహ్నం నా భార్య పోయింది.

ఆ తర్వాతే పలక పట్టాను. ముందు అంకెలు నేర్చుకున్నాను. దారాలు మానేసి, ప్రతి గొట్టానికీ జ్వరం ఎన్నో రోజో చీటీ రాసి అంటించేవాణ్ని. ఎన్ని వేలు రాశానో. చెయ్యి అలిసిపోయింది.

అత్తగారు చివరిదాకా నా దగ్గరే ఉంది. ఒకరోజు చీటీలు కత్తిరిస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"రక్తానికి వారం పడుతుందన్నారు కదా అల్లుడుగారూ?"

"అవునత్తయ్యా."

"నాకు నాలుగో రోజే తెలిసింది."

నేను కత్తెర కింద పెట్టలేదు. అత్తగారు నేను కత్తిరించిన చీటీలన్నీ దగ్గరకు లాక్కుని సర్దడం మొదలుపెట్టింది.