నర్సక్క నేర్పిన బ్రేకు

నిన్న ఒకాయన నా దుకాణానికి పాత సైకిల్ తెచ్చి, ఎక్కడో కొత్తగా వేయించుకున్న బ్రేకు లివర్లను నా చేత నొక్కించాడు. లివర్ కాస్త కదిలి రాయిలా ఆగిపోయింది. "ఎంత గట్టిగున్నదో సూడుండ్రి" అన్నాడు ముచ్చటగా. ఆ గట్టిదనం వేళ్లకు తగలగానే, ఈ లివర్లు మార్చాలని చెప్పాను. సైకిల్ ఇక్కడే వదిలి రెండు రోజుల తర్వాత రమ్మని పంపించాను. పదేళ్ల కిందట సరిగ్గా అలాంటి గట్టిదనాన్ని నమ్మి నేనొక పెద్దమనిషి చేయి విరగడానికి కారణమయ్యాను. ఆనాడు నన్ను నిలబెట్టింది నర్సక్క.

నాందేడ్ స్టేషన్ దగ్గరి సందులో ఆమెకు పాత సైకిళ్లు బాగుచేసే దుకాణం ఉండేది. అదే జిల్లాలోని హిమాయత్‌నగర్ అవతలి పల్లెలో పత్తి ఏరి బతికిన ఇంట్లో పుట్టింది. పెళ్లయ్యాక భర్త దగ్గర ఈ పని నేర్చుకుంది. ఆయన పోయాక దుకాణం మూయలేదు. ఆడమనిషి బిగించిన నట్టు ఆగుతుందా అని నవ్వినవాళ్లే తర్వాత ఆమె ఖాళీ అయ్యేదాకా బల్ల మీద కూర్చునేవారు. నేను పనిచేసే పత్తి జిన్నింగ్ మిల్లు మూతపడి, ముప్పై రెండేళ్ల వయసులో దిక్కుతోచక తిరుగుతుంటే పిలిచి పనిలో పెట్టుకుంది.

ఒకరోజు రిటైరైన మరాఠీ మాస్టారొకరు తన పాత సైకిల్ తెచ్చారు. ఆయన ఉద్యోగమంతా దాని మీదే సాగిందట. విరిగిన లివర్లు తీసేసి, మెరిసే కొత్త రకం లివర్లు వేశాను. స్టాండు మీద నొక్కి చూస్తే పాతవాటికన్నా గట్టిగా పట్టినట్లనిపించింది.

"తొక్కి చూసినవా తమ్మీ?" అని లోపలి నుంచి నర్సక్క అడిగింది.

"చూసిన అక్కా" అన్నాను. చూడలేదు. బయట ఎండ మండిపోతోంది, మాస్టారు తొందరపడుతున్నారు.

సాయంత్రానికి కబురొచ్చింది. గోదావరి ఘాట్‌కు దిగే వాలులో రెండు లివర్లూ బిగించి పట్టినా సైకిల్ ఆగలేదట. మాస్టారు అరటిపళ్ల బండికి గుద్దుకుని పడ్డారు. మణికట్టు విరిగింది. సైకిల్‌ను ఎవరో తెచ్చి దుకాణం ముందు పెట్టి వెళ్లారు. నర్సక్క దాని ముందు కూర్చుని లివర్ నొక్కి చూసింది, నా మొహం చూసింది.

"తొక్కలేదక్కా. అబద్ధమాడిన" అన్నాను.

ఆమె తిట్టలేదు. చేతులు తుడుచుకుని లేచింది. "నడువు, దవాఖానకు పోదాం. నేను గూడ అడిగి ఊకున్న. లేచి చూస్తె తెలుస్తుండె."

ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి ఆమె మరాఠీలో నెమ్మదిగా చెప్పింది, దుకాణం తనది కాబట్టి తప్పు కూడా తనదేనని. నేనెవరో, ఏం చేశానో ఒక్క మాటా అనలేదు. అది భరించలేక నేనే ముందుకొచ్చి, అక్క అడిగితే అబద్ధం చెప్పింది నేనని ఒప్పుకున్నాను. మాస్టారి భార్య నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఆ బండి జాగాలో లారీ ఉంటే?" అంది. మాస్టారు కట్టు కట్టిన చేతిని పొట్ట మీదికి జరుపుకుని, "సైకిల్ సరిచెయ్యి. అదే వాలు ముందుగా నువ్వు దిగు, నేను చూస్తాను" అన్నారు.

మర్నాడు పొద్దున్నే నర్సక్క పాత లివర్ ఒకటి, కొత్తది ఒకటి నా ముందు పెట్టింది. "లివర్ తిరిగే పిన్ను ఇది, తీగ తల కూసునేది ఇక్కడ. రెండింటి నడుమ జాగ చూడు. కొత్తదాంట్ల జాగ ఎక్కువ. తీగ ఎక్కువ గుంజుతది గని, గుంజేటి బలం తక్కువ. అది వేరే రకం బ్రేకుకు చేసింది. నీ చేతికి గట్టిగనిపిస్తది, చక్రం మీద రబ్బరు మాత్రం గట్టిగ ఒత్తదు." నన్ను పొమ్మంటుందేమోనన్న భయంతో వింటున్నాను. అది కనిపెట్టినట్లుంది. "అడగకముందే ఒప్పుకున్నవ్. ఇగ పని నేర్చుకో" అంది.

ఆ బ్రేకుకు సరిపడే లివర్ల కోసం ఉమ్రి దాకా పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాం. మాస్టారి కట్టు విప్పిన వారం ముగ్గురం ఘాట్ దగ్గరికి వెళ్లాం. నేను వాలు దిగి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి ఆపాను. మాస్టారు సైకిల్ తీసుకుని, నడిపించుకుంటూ కొంత దూరం వెళ్లి, తర్వాత ఎక్కారు. ఆయన మలుపు తిరిగేదాకా నర్సక్క నా పక్కనే నిలబడి ఉంది.

నర్సక్క పోయి రెండేళ్లయింది. దుకాణం నేనే నడుపుతున్నాను. పోయిన వానాకాలంలో ఒక ఆసుపత్రి నర్సుకు సైకిల్ బాగుచేసి ఇచ్చిన మర్నాడు, వెనక చక్రం నట్టు సరిగ్గా బిగించానో లేదో గుర్తురాలేదు. ఆమె డ్యూటీకి బయలుదేరకముందే వానలో తడుస్తూ వాళ్లింటికి వెళ్లాను. నట్టు వదులుగానే ఉంది. "నిన్న బిగించుడు మర్చిపోయినమ్మా, తప్పు నాదే" అని చెప్పి గుమ్మం ముందే కూర్చుని బిగించాను. తర్వాత ఆ వానలోనే వీధి చివరిదాకా తొక్కి చూసి సైకిల్ అప్పజెప్పాను.