మిరప చేలో దొరికిన ఎద్దు గంట

మేమప్పుడు పాల్వంచలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మా ఆయన ప్లాంటులో ఎలక్ట్రీషియన్. రెండు వేల ఐదో ఆరో, ఆ ఎండాకాలం ఆయనకు మెటల్ డిటెక్టర్ పిచ్చి పట్టింది. కొన్నది కూడా కాదు. ఓ పీవీసీ పైపు చివర ప్లాస్టిక్ మూత బిగించి, అందులో రాగి తీగ చుట్టి, నేను పాటలు వినే హెడ్‌ఫోన్స్ లాక్కుని దానికి తగిలించారు.

క్వార్టర్ల చుట్టూ ఎక్కడ పెట్టినా అది కుయ్యిమనేది. నేలనిండా మేకులే. అందుకని వీక్లీ ఆఫ్ వస్తే చాలు, టేకులపల్లి అవతల అడవి అంచున ఉన్న మా అమ్మ ఊరికి బయల్దేరదీసేవారు. బస్సులో ఆ కర్ర నా ఒళ్లోనే.

"ఏందమ్మా అది, చేపలు పట్టేదా?" అని అడిగాడు కండక్టర్.

"అవ్," అన్నాను. ఇంకేం చెప్పను?

మిరప కట్టె పీకేసిన మా అమ్మ చేలో ఆయన తల వంచుకుని పొద్దంతా తిరిగేవారు. మోత వచ్చిన చోటల్లా గడ్డపారతో తవ్వడమే. పురుగుమందు డబ్బా మూతలు, సైకిల్ చైను ముక్క, అరిగిన నాగలి కర్రు. వాటన్నిటినీ నా చింతపండుతో తోమి మా టీవీ మీద పేర్చారు. చారు పెడదామని డబ్బా తీస్తే అడుగున గింజలు తప్ప ఏమీ లేవు.

"కర్రు చూడు, ఎంత పాతదో!" అనేవారు.

"దాన్ని చారులో వేయమంటారా?" అనేదాన్ని.

ఊళ్లో అయితే ఇంకో గోల. అల్లుడు లంకెబిందెల కోసం తవ్వుతున్నాడని పుకారు. ఎవరో వచ్చి మా గట్టు కూడా తవ్విపోయారు. "గీ గుంతలన్నీ ఎవలు పూడుస్తరు బిడ్డా? రేపు నాగలి తోలాల్నా వద్దా?" అని అమ్మ నా మీద పడింది. అల్లుడిని మాత్రం ఒక్క మాట అనదు. పైగా కోడిని కోసి పెడుతుంది.

ఇలా ఉండగా ఓ రోజు గట్టు పక్కన ఆయనకు కంచు గంట దొరికింది. ఎద్దు మెడలో కట్టేది. నాలుక ఊడిపోయింది గానీ, మట్టి దులిపితే ఎంత నున్నగా ఉందో. నిజం చెప్పాలంటే అన్నిటిలోకి నాకు నచ్చింది అదొక్కటే.

అమ్మ చూడగానే, "ఇది మా మైలెద్దుది!" అంది.

పక్క చేను మా పెద్దమ్మది, అంటే మా నాన్న వాళ్ల వదినది. అన్నదమ్ములు ఏరుపడ్డప్పటి నుంచి ఈ తోడికోడళ్లిద్దరికీ మాటల్లేవు. అలాంటిది ఆమె గట్టు దాటి వచ్చింది.

"మీదెట్లయితదే? మా అయ్య జాతరల కొనిచ్చిండు. మా తెల్లెద్దుకు కట్టిన."

"తెల్లెద్దుకు గంట ఏడున్నదక్కా? దానికి మువ్వల పట్టె గదా!"

"నువ్వు కాపరానికి రాకముందు ముచ్చట నీకేం ఎరుక?"

నడినెత్తిన ఎండ. ఇద్దరూ చెరో పక్క గంట పట్టుకుని గుంజుతున్నారు. నేను మధ్యలో. "మీరన్నా చెప్పండి," అని ఆయనను కేకేశాను. చెవుల్లో హెడ్‌ఫోన్స్. చేను అవతలి కొసన నెమ్మదిగా నడుస్తూనే ఉన్నారు.

చివరికి, మైలెద్దు ఓసారి వానల్లో అడవిలో తప్పిపోతే ఇద్దరూ కలిసి వెతకబోయిన సంగతి మా పెద్దమ్మే ఎత్తింది. వాగు దగ్గర అమ్మ జారిపడిందట. "జారింది నువ్వు గదా," అంది అమ్మ. దాని మీద ఇంకో పోట్లాట. కానీ ఈసారి ఇద్దరూ గట్టు మీద కూర్చుని పోట్లాడుకున్నారు. నన్ను చాయ్ పెట్టి తెమ్మన్నారు, ఇద్దరికీ.

పోయేటప్పుడు అమ్మే, "తీస్కపో అక్కా, నాకేంటికి?" అని గంట ఆమె చేతిలో పెట్టింది. నేను కళ్లారా చూశాను.

వారం తర్వాత అమ్మ ఫోను. "గంట ఆమెకెందుకిచ్చినవే? నీకు నచ్చిందంటివి గదా!"

"నేనిచ్చిన్నా? నువ్వే గదనే ఇచ్చింది!"

"నేనిస్తుంటే వద్దనొద్దా మరి?"

ఫోను పెట్టేసి చూస్తే ఆయన చెప్పులు వేసుకుంటున్నారు. మా పెద్దమ్మ కబురు పంపిందట, తన చేను కూడా ఓసారి చూసి పొమ్మని.