ఇద్దరం కొన్న ప్రెషర్ మిషన్

ఆ మిషన్ నేనొక్కణ్ణే కొనుంటే ఈ గొడవే లేదు. ఇద్దరం కలిసి కొన్నాం. నేను కడప జిల్లా వాణ్ణి. ఆయన కోనసీమ మనిషి, నాకంటే ఆరేడేళ్లు పెద్ద. అరబ్బు దేశంలో, అల్ రాయ్ అనే పేటలో, ఒక గ్యారేజీలో నాలుగేళ్లపాటు పక్కపక్కన నిలబడి కార్లు కడిగాం కానీ ఒకరికొకరం నచ్చిన వాళ్లం మాత్రం కాదు. ఎవరేం చెప్పినా ఆయన "ఆయ్, అలాగేనండి" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నా నోరు ఎలాంటిదో గ్యారేజీలో అందరికీ తెలుసు. అయినా సొంతంగా ఒక ప్రెషర్ వాషర్ ఉంటే ఈ గ్యారేజీ ఆసామి కాళ్ల దగ్గర పడి ఉండక్కర్లేదని ఇద్దరికీ ఒకేసారి బుద్ధి పుట్టింది. మా వీసాలకు పూచీ ఉన్న కఫీల్ తన షెడ్డులో ఒక మూల వాడుకోమన్నాడు.

జూలైలో కొన్నాం. పైన పెట్రోలు ఇంజను, కింద ఇత్తడి తలకాయ ఉన్న పంపు, రెండు చక్రాలు, పొడుగాటి గొట్టం, దాని చివర తుపాకీలాంటి పిడి. అమ్మిన పాకిస్తానీ ఆయన మిషన్‌తో వచ్చిన పుస్తకం తెరిచి, మంచు బొమ్మ ఉన్న పేజీ చూపించాడు. చలికాలంలో పని అయ్యాక పంపులో చుక్క నీరు మిగలకూడదని హిందీలో రెండుసార్లు చెప్పాడు. బయట ఎండకు తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. "ఈడ చలేందయ్యా నీ మొగం" అని నేను తెలుగులో గొణిగి నవ్వాను. కోనసీమాయన మాత్రం ఆ పేజీని బడిపిల్లాడిలా చూసి, పుస్తకాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ బుద్ధిమంతుడి వేషం చూసి నాకు అప్పుడే చిర్రెత్తుకొచ్చింది.

మూడు వారాలు నడిపామో లేదో, ఇరాకీ సైన్యం ఊళ్లోకి దిగింది. కఫీల్ పెళ్లాం పిల్లల్ని కార్లో ఎక్కించుకుని సౌదీకి పారిపోయాడు. హవల్లీలో మా గదిలో ఉండే తెలుగువాళ్లలో సగం మంది బస్సులెక్కి, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కణ్ణించి విమానంలో ఇళ్లకు పోయారు. "మీరిద్దరూ రారా?" అని అడిగారు. నేను ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు. నేను పోతే మిషన్ ఆయన సొంతం, ఆయన పోతే నా సొంతం. అంతే. చుట్టూ కొంపలు తగలబడుతుంటే మేమిద్దరం, గడ్డాలు మీసాలు వచ్చిన మగాళ్లం, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక ఒక నీళ్ల మిషన్‌కు కాపలా కాశాం. ఇప్పుడు తలుచుకుంటే నా చెప్పుతో నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

చలి మొదలయ్యే వేళకు ఒక ఇరాకీ అధికారి షెడ్డుకు వచ్చాడు. మిషన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, అన్నింటినీ కలిపి లారీలోకి ఎక్కించాడు. ఊరి బయట ఎడారిలో వాళ్ల లారీలు ఆపే చోటుకు తీసుకెళ్లాడు. అక్కడ మాకంటే ముందు ఇద్దరు బంగ్లాదేశీలు బకెట్లతో లారీలు కడుగుతుండేవారు. మేం దిగిన రోజునే వాళ్లను ఎక్కడికో పట్టుకుపోయారు. వాళ్లుండే గది ముందే వాళ్ల చెప్పులు ఉండిపోయాయి. అధికారి ఆ చెప్పులు చూపించి, "మకీనా నడిచినన్నాళ్లూ మీకు గది, రొట్టె. ఆగిందా, ఖలాస్" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ప్రాణాలు ఆ ఇత్తడి పంపుకు కట్టేశాడు.

జనవరిలో ఎడారి చలి ఎముకల్లోకి దిగుతుంది. ఒక సాయంత్రం ఆయన పుస్తకం తీశాడు.

"పంపులో నీళ్లు దింపేద్దామండి. గొట్టాలిప్పేసి, ఇంజను తాడు రెండుసార్లు లాగితే లోపలున్నది కూడా కక్కేస్తాది. ఆనక లారీ రేడియేటర్లో పోసే పచ్చమందు గ్లాసుడు పట్టిద్దాం. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయండి, ఇత్తడి చీలిపోద్ది."

"ఏం మాట్లాడతాండావ్‌న్నా? పంపులో నీళ్లు తీస్తే గాలి పట్టి సస్తాది. మా బాయికాడ ఆయిలింజను నీళ్లు దిగిపోతే, బిందెలు బిందెలు పోసి, పేడనీళ్లు పోసి, మిట్టమధ్యాన్నం దాంక తిప్పినా నీళ్లెక్కవు. పంపు గురించి నాకు చెప్పాకు."

"అది బావి పంపండి. దీనికి ట్యాంకు నీళ్లు పైనించి వత్తన్నాయి కదా."

"నువ్వు కాలవగట్టున పుట్టినోడివి. నీళ్లు పైకి లాగే తిప్పలు నీకేం తెల్సు?"

ఆయన తన పాటికి తాను రోజూ సాయంత్రం గొట్టాలు విప్పి, నీళ్లు వంచి, పచ్చమందు పట్టించేవాడు. పొద్దున ఇంజను వేశాక నీళ్లు అందుకోవడానికి కొంచెం సేపు పట్టేది. ఆ కొంచెం సేపూ అధికారి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఒకరోజు పంపు దగ్గింది, తుమ్మింది, ఎంతకీ నీళ్లు రాలేదు. అధికారి గడియారం చూసుకున్నాడు. చివరికి నీళ్లొచ్చాయి కానీ, ఈ కోనసీమ మొద్దు నన్ను చంపేదాకా ఊరుకోడని ఆ క్షణాన నిశ్చయించుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన రొట్టెల కోసం వంటపాక దగ్గరికి వెళ్లినప్పుడు, పంపు మూతి దాకా నీళ్లు నింపాను. గాలి చొరబడకుండా రెండు మూతులకూ బిరడాలు బిగించాను. నా దుప్పటి కూడా తీసి మిషన్‌కే కప్పాను. మా నాయన బాయికాడ అలాగే చేసేవాడు. మంచి పని చేశాననుకుంటూ చలికి వణుకుతూ పడుకున్నాను.

తెల్లారి చూస్తే బకెట్లో నీళ్ల మీద పెంకులాంటి గడ్డ ఉంది. దుప్పటి తీశాను. ఇత్తడి తలకాయ మీద పైనుంచి కిందికి వెంట్రుకంత గీత. ఆయన వచ్చి బిరడాలు చూశాడు.

"నింపేరా?"

"నింపినా. ఏం జేస్తావ్ ఇప్పుడు?" అన్నాను. అప్పుడు కూడా నా నోటికి సిగ్గు లేదు.

ఎండ ఎక్కాక అధికారి వచ్చాడు. ఇంజను వేయగానే చీలికలోంచి నీళ్లు చిమ్మాయి, పిడిలోంచి చుక్క రాలేదు. కోనసీమాయన ముందుకు వెళ్లి అరబీలో వివరంగా చెప్పాడు. రాత్రి చలికి నీళ్లు గడ్డకట్టాయని, పంపు పగిలిందని, ఇందులో ఎవరి తప్పూ లేదని. నాకు ప్రతి మాటా అర్థమైంది. గడ్డ చూపిద్దామని బకెట్టు తెచ్చాడు, కానీ అప్పటికి అది కరిగిపోయింది. అధికారి బకెట్టును తన్నాడు. కావాలని పగలగొట్టారన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు. ఈ పంపు ఎవరు విప్పుతారు?" అని అడిగాడు.

నేను నింపాను అని ఒక్క మాట చెబితే సరిపోయేది. దేవుడి ముందర ఒప్పుకుంటున్నాను, ఆ మాట నా నోటి చివరి దాకా కూడా రాలేదు.

"రోజూ విప్పేది ఇతనే" అన్నాను.

అందులో అబద్ధం లేదు. అందుకే అంత తేలిగ్గా అనగలిగాను.

ఇద్దరు సైనికులు వచ్చి ఆయన కుడిచేతిని లారీ బంపరు మీద పెట్టించి తుపాకీ మడమతో రెండుసార్లు కొట్టారు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆయన అరిచాడు కానీ నా పేరు చెప్పలేదు. ఇక మా పని అయిపోయిందనుకుంటుంటే, అధికారి ఏమనుకున్నాడో, "యల్లా, పోండి" అని గేటు చూపించాడు. ఎందుకు వదిలేశాడో నాకు ఈనాటికీ తెలియదు.

హవల్లీ దాకా నడిచాం. ఆయన సంచీ నేను అందుకోబోతే ఇవ్వలేదు. దారి పొడుగునా, తిట్టు, నా కొడకా అని తిట్టు, మొహాన ఉమ్మెయ్యి అని లోపల్లోపల బతిమాలుకున్నాను. ఆయన నోరు విప్పలేదు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. తిట్టి ఉంటే సరిపోయేది కదా!

గదిలో మిగిలిన వాళ్లు చుట్టూ చేరి చేతికేమైందని అడిగారు.

"లారీ మీంచి జారిపడ్డానండి" అన్నాడు.

ఎవరో అట్టముక్కలు పెట్టి గుడ్డతో కట్టు కట్టారు. ఆ పూట అన్నం, పప్పు వండారు. ఆయన పళ్లెం ముందు కూర్చుని కుడిచెయ్యి కదపలేక అలాగే చూస్తున్నాడు. నేను పక్కకు వెళ్లి కూర్చున్నాను. "కలిపి పెడతా అన్నా" అన్నాను.

ఆయన పళ్లెం అవతలికి లాక్కున్నాడు. అందరూ చూస్తుండగా, ఎడమచేత్తో అన్నం కలుపుకుని తిన్నాడు.