నాన్న ఎడమకాలి చప్పుడు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా అద్దంకి వైపు ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని. ఈ సంగతి చెప్పాల్సి రావడం కూడా నాకు కోపంగానే ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మిరప కోతలయ్యాక, నాన్న కుడికాలి వేళ్ళు నల్లబడ్డాయి. నలభై ఏళ్ళు చుట్ట కాల్చిన మనిషి. ఊళ్ళో ఆరెంపీ నెలరోజులు వాతం అంటూ సూదులు పొడిచాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను.

గుంటూరు బయల్దేరేముందు అమ్మ నాన్న ఎడమకాలికి నల్లతాడు కట్టింది. మా ఇళ్ళలో అంతే. జబ్బు పాకకూడదని బాగున్న కాలికే కడతారు.

ఆస్పత్రిలో ముందు డాప్లర్ స్కాన్ తీశారు. కాలికి జెల్లు పూసి చిన్న పరికరం ఆనించి జరుపుతుంటే, లోపల రక్తం పారే చప్పుడు స్పీకర్లో వినిపిస్తుంది. నేను పక్కనే ఉన్నాను. కుడికాలికి మోకాలు దాటాక ఏమీ లేదు. ఎడమకాలికి మాత్రం మోటారు నీళ్ళు పోసినట్టు ఝుమ్, ఝుమ్, ఝుమ్. మూడు కొట్టాక ఒక దెబ్బ తప్పేది. నాన్న గుండె తీరే అంతేనట.

"ఈ కాలికి ఢోకా లేదండీ" అంది స్కాన్ డాక్టరమ్మ.

కుడికాలు మోకాలి పైన తీసేయాలన్నారు. మర్నాడు పొద్దున కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే పెట్టాను. ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పమని ఎవరినీ అడగలేదు.

పది గంటలకి నాన్నని ట్రాలీ మీద థియేటర్ బయట ఉంచారు. మత్తు సూది చేశారు, పలకడం లేదు. వెచ్చగా ఉండాలని రెండు పాదాలకీ దూది చుట్టారు. అంతలో కరెంటు పోయింది. జనరేటర్ థియేటర్ వరకే.

ఎదురుగా ఉన్న స్కాన్ గదిలోంచి చప్పుడు. ఝుమ్, ఝుమ్, ఝుమ్. ఒక దెబ్బ తప్పింది. మళ్ళీ మూడు.

వెళ్ళి తలుపు తోశాను. లోపల ఎవరూ లేరు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది, ప్లగ్గు ఊడదీసి ఉంది. చప్పుడు మాత్రం గది నిండా ఉంది.

"ఎవరమ్మా అక్కడ? కరెంటు లేకుండా స్కానింగేంటి?" అని ట్రాలీ దగ్గర నర్సు కూడా అరిచింది.

అది నాన్న ఎడమకాలు. నాకు తెలుసు. వెనక్కి పరుగెత్తి దుప్పటి లాగాను. కోయాల్సిన చోట పెట్టే గుర్తు ఎడమ తొడ మీద ఉంది.

చప్పుడు ఆగిపోయింది.

తాడున్న కాలే జబ్బు కాలనుకుని వార్డులో ఎవరో గీసేశారట. దూది విప్పి చూసే ఓపిక లేదు. స్కాన్ రిపోర్టు తిరగేసే తీరిక లేదు. "మీకు కళ్ళు లేవా?" అని నేను అరిచిన అరుపుకి కింది అంతస్తు జనం పైకొచ్చారు.

"టైముకి చూశాం కదండీ, ఇంక గొడవెందుకు?" అన్నాడు పెద్ద డాక్టరు తాపీగా.

చూశారట! ఎవరు చూశారు?

సాయంత్రం ఆ నర్సుని అడిగితే, నా మొహం చూడకుండా "నేనేం వినలేదండీ" అంది.

కుడికాలు పోయింది. ఉన్న ఒక్క కాలితో, చంకకర్రతో, నాన్న ఇంకో ఆరేళ్ళు కల్లంలో మిరపకాయలు ఎండబెట్టించాడు.

ప్లగ్గు లేని మిషన్ ఎలా మోగిందో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. డిశ్చార్జి రోజు మా బావ ఆ సంతకం కాగితం చదివి చెప్పాడు. అందులోనూ ఎడమ అనే రాసి ఉంది. కింద నా సంతకం ఉంది.