ఇన్‌స్పెక్టరుగారు వాచీ విప్పారు

1967 జూలైలో నేను రాజాం స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌ని. చేసేది రైటరు పని, అంటే స్టేషన్లో రాతకోతలన్నీ నావే. బి.ఎ. ఆఖరి ఏడాది మధ్యలో వదిలేసి ఉద్యోగంలో చేరినవాణ్ణి. సబ్ ఇన్‌స్పెక్టరు ఎంపికకు డిగ్రీ కావాలి. వయసు కూడా దాటిపోతోంది. అందుకని జీతం లేని సెలవు పెట్టి శ్రీకాకుళంలో ఒక కాలేజీలో మళ్లీ చేరాను.

నేను పోలీసునని ప్రిన్సిపాలుగారికి ఒక్కరికే తెలుసు. అంతకు ముందు ఏడాది విద్యార్థుల గొడవల్లో మావాళ్ల లాఠీల రుచి చూసిన కుర్రాళ్లు తరగతిలో చాలామంది ఉన్నారు. వాళ్ల మధ్య హోదా చెప్పుకోవడం అంత ఆరోగ్యకరం కాదనిపించి, రాజాంలో బియ్యం మిల్లు గుమాస్తానని చెప్పాను. వీధిలో పోలీసు ఎర్రటోపీ కనబడితే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. దొంగలు అలా ఎందుకు నడుస్తారో సర్వీసులో ఎవరూ చెప్పలేదు, కాలేజీలో తెలిసింది.

చలికాలంలో సమ్మె వచ్చింది. కాలేజీ దగ్గర బస్సులు ఆపడం లేదని గేటు ముందు రోడ్డు మీద బైఠాయింపు. నాకు తలనొప్పిగా ఉందన్నాను. కోటబొమ్మాళి నుంచి వచ్చిన అప్పలనాయుడనే కుర్రాడు, మా తరగతికి నాయకుడు, ఒప్పుకోలేదు.

"మావా, నువ్వు రాపోతే ఎలాగ? జుత్తు నెరుస్తన్నాది, సూడ్డానికి పెద్దమనిసివి. ముందర కూకో. నిన్ను సూసి పోలీసోల్లు కొట్టరు."

"కొడితేనో?"

"కొడితే నీకే తగుల్తాదిలే, మాకేటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా. ఉద్యోగి సెలవులో ఉన్నా ఉద్యోగే. ఆందోళనలో కనబడితే మొదట సస్పెన్షను, తర్వాత విచారణ, ఆ తర్వాత ఇల్లు. రానంటే అనుమానం. వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను.

బందోబస్తుకు చుట్టుపక్కల సర్కిళ్ల నుంచి మనుషులను రప్పించారు. లారీలోంచి మొదట దిగినవారు మా సర్కిల్ ఇన్‌స్పెక్టరుగారే. తువ్వాలు తలకు చుట్టుకుని మొహం వంచుకున్నాను. గుండె చప్పుడు పక్కవాడికి వినబడుతుందేమోనని దగ్గాను.

లాఠీచార్జికి ఒక వరస ఉంది. మేజిస్ట్రేటు హోదాలో తహసీల్దారు వచ్చి, ఇది చట్టవిరుద్ధమైన గుంపు, వెంటనే చెదిరిపోవాలి అని హెచ్చరించాలి. కొంత వ్యవధి ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతేనే లాఠీ. తహసీల్దారుగారు హెచ్చరిక చదివారు. కుర్రాళ్లు దాన్ని ఉపన్యాసం అనుకుని ఈలలు వేశారు. ఆ గుంపులో దాని అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇన్‌స్పెక్టరుగారి మీదే కన్ను వేసి కూర్చున్నాను.

అప్పుడు మా ఇన్‌స్పెక్టరుగారు చేతి వాచీ విప్పి ఆర్డర్లీకి ఇచ్చారు. గతంలో ఒక లాఠీచార్జిలో అద్దం పగిలినప్పటి నుంచి అది ఆయన అలవాటు. వాచీ చేయి దిగిందంటే ఇక విజిలే. ఈ సంగతి మా సర్కిల్‌వాళ్లకు తప్ప బయటివాళ్లకు తెలియదు.

"లెగండ్రా! వాచీ తీసేశాడు, లోపలికి పరిగెట్టండి!" అని అరిచాను.

నా గొంతులో ఏముందో, వాళ్లు ఎందుకని అడగలేదు. వెనక్కి తిరిగితే కాలేజీ గేటు మూసి ఉంది. అటెండరు భయపడి గొళ్లెం పెట్టేశాడు. పక్కనున్న చిన్న తలుపులోంచి ఒక్కొక్కరమే దూరుతుంటే విజిలు మోగింది. చివరివాళ్లకు దెబ్బలు పడ్డాయి. నాకు భుజం మీద ఒకటి తగిలింది. కొట్టినవాడు నా చేతిమీదుగా జీతం తీసుకునే కానిస్టేబులే. తువ్వాలు పుణ్యమా అని గుర్తుపట్టలేదు.

లైబ్రరీ వెనక అప్పలనాయుడు నన్ను నిలదీశాడు.

"మావా, మిల్లు గుమాస్తాకి ఇన్‌స్పెక్టరు వాచీ సంగతేటి తెల్సు?"

తువ్వాలు విప్పి దులిపాను. వాడు నా డిపార్టుమెంటు బూట్ల వైపు, నేను నిటారుగా నిలబడ్డ తీరు వైపు చూశాడు.

"సర్లే. రేపు క్లాసుకొచ్చీ," అన్నాడు.

పరీక్షలయ్యేదాకా రోజూ రెండు ఉత్తర్వుల కోసం ఎదురుచూశాను. ఒకటి కుర్రాళ్లది, ఒకటి డిపార్టుమెంటుది. రెండూ రాలేదు. డిగ్రీతో తిరిగి డ్యూటీలో చేరిన రోజు ఇన్‌స్పెక్టరుగారు నా కాగితాల మీద సంతకం చేస్తూ, తల ఎత్తకుండా, "పరుగు బాగానే ఉందయ్యా రైటరూ," అన్నారు. అంతకు మించి ఆ విషయం ఆయన ఎత్తలేదు.

ఎస్.ఐ. అయ్యాక అలాంటి గుంపుల ముందు నేనూ చాలాసార్లు నిలబడ్డాను. ముందుగా వాళ్ల వెనక ఉన్న గేటు చూసేవాణ్ణి. మూసి ఉంటే తీయించి, ఆ తర్వాతే హెచ్చరిక చదవమనేవాణ్ణి. చెదిరిపొమ్మని చెప్పేవాడు చెదరడానికి దారి చూపించాలి. ఆ మాట మా కానిస్టేబులు శిక్షణ పుస్తకంలోనూ ఉంది. అక్కడ చదివినప్పుడు మార్కుల కోసం చదివాను.